హోటల్ గది పన్నుతో స్టేడియం కట్టడం న్యాయమేనా?

దారిన పోయేవాడు:
లాస్ వేగస్‌లో పెద్ద హోటళ్ళున్న స్ట్రిప్ వీధిలో 200 డాలర్ల గదికి 13.38 శాతం లెక్కన 26 డాలర్ల 76 సెంట్ల పన్ను పడుతుంది. అందులో 1 డాలరు 76 సెంట్లు అలీజియంట్ స్టేడియానికి. 2016 అక్టోబరులో నెవాడా శాసనసభ ప్రత్యేకంగా సమావేశమై గది పన్నును ఈ 0.88 శాతం మేర పెంచింది. ఓక్లాండ్ నుంచి వచ్చిన రైడర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టేడియం కోసం ఇచ్చిన ప్రజాధనం 75 కోట్ల డాలర్లు. ఆట చూడని అతిథి ఇది ఎందుకు కట్టాలి? మీ అభిప్రాయాలు చెప్పండి.

వేగస్ నివాసి:
కట్టాలండీ. నేను ఇక్కడే ఉంటాను. ఆ పన్ను నా ఇంటి మీద పడలేదు, నా పిల్లల బడి నుంచి తీసుకోలేదు. 65,000 మంది కూర్చునే స్టేడియం వచ్చింది, 2024 ఫిబ్రవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఇక్కడే జరిగింది. ప్రత్యర్థి జట్ల అభిమానులు విమానాలెక్కి వస్తారు, రెండు రాత్రులు గది తీసుకుంటారు. హోటళ్ళలో పనిచేసేవారి జీతాలు ఆ గదుల మీదే ఆధారపడి ఉన్నాయి. పర్యాటకం మీద బతికే ఊరు పర్యాటకుల సొమ్ముతోనే ఆకర్షణలు కట్టుకుంటే తప్పేమిటి?

లెక్కల పద్దు:
వేగస్ నివాసి గారూ, "నా మీద పడలేదు" అన్న మాట దగ్గరే నా అభ్యంతరం. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, వసూలు చేసేది బయటివాళ్ళ నుంచి కాబట్టి ఖర్చుకు జవాబు చెప్పనక్కరలేదని ప్రభుత్వాలు అనుకుంటున్నాయి. కానీ ఆ పన్ను వేసే హక్కు మీ ఊరిది. దాన్ని స్టేడియానికి రాసిచ్చాక అదే డబ్బు బస్సులకో బడులకో కావాలన్నా దొరకదు.

ఇక రాబడి పడిపోతే ఏమవుతుందో షికాగోను చూడండి. బేర్స్ ఫుట్‌బాల్ జట్టు ఆడే సోల్జర్ ఫీల్డ్ స్టేడియం పునర్నిర్మాణానికి 39.9 కోట్ల డాలర్ల బాండ్లు (అప్పు పత్రాలు) అమ్మారు, నగరంలోని హోటళ్ళ మీద వేసిన 2 శాతం పన్నుతో తీరుస్తామన్నారు. స్టేడియం 2003లో మళ్ళీ తెరుచుకుంది. ఒప్పందంలో ఒక షరతు ఉంది: హోటల్ పన్ను చాలకపోతే, రాష్ట్రం నగరానికి పంచే ఆదాయపు పన్ను వాటాలోంచి ఆ లోటు కోసుకుంటారు. కరోనాతో గదులు ఖాళీ అయ్యాక జరిగింది అదే. అతిథి కట్టాల్సిన బాకీ షికాగో పౌరుడి నెత్తిన పడింది. బాండ్ల గడువు 2032 దాకా ఉంది. బేర్స్ జట్టు మాత్రం 2023లోనే నగర శివారు ఆర్లింగ్టన్ హైట్స్‌లో కొత్త స్టేడియం కోసం స్థలం కొనుక్కుంది! ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తోంది.

వేగస్ నివాసి:
షికాగో ఒప్పందం బాగాలేదంటే ఒప్పుకుంటాను. మా దగ్గర రైడర్స్ 30 ఏళ్ళపాటు ఊరు వదలకూడదన్న కట్టుబాటు ఉంది. స్టేడియం అప్పు వాయిదాల కోసం ముందే కొంత నిధి పక్కన పెట్టారు. 2020లో హోటళ్ళు మూతపడినప్పుడు ఆదుకున్నది అదే.

లెక్కల పద్దు:
ఆ నిధి ఉండటం మంచిదే. కానీ అది కూడా అయిపోయి ఉంటే? మీ స్టేడియం బాండ్లకు చివరి హామీ వేగస్ ఉన్న క్లార్క్ కౌంటీదే, అంటే మీదే.

పసిఫిక్ తీరం:
శాన్ డియాగో సంగతి కూడా చెప్పాలి. 2016 నవంబరులో ఛార్జర్స్ ఫుట్‌బాల్ జట్టుకు స్టేడియం కట్టడానికి హోటల్ పన్నును 12.5 నుంచి 16.5 శాతానికి పెంచాలని ఓటింగు పెట్టారు. మూడింట రెండొంతుల ఓట్లు రావాలి, సగం కూడా రాలేదు. 2017 జనవరిలో జట్టు లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయింది. అభిమానులు చాలా బాధపడ్డారు, అది నిజం. అయితే పర్యాటకులు రావడం మానలేదు, ఊరు 30 ఏళ్ళ అప్పులో ఇరుక్కోలేదు. పాత స్టేడియం స్థలాన్ని విశ్వవిద్యాలయం కొని, 2022లో తన స్టేడియం తెరిచింది.

లెక్కల పద్దు:
నేను అడిగేదీ అంతే. హోటల్ పన్ను ముట్టుకోవద్దనను. కొత్త పన్ను వేసే ముందు ఓటరును అడగాలి. లోటు వస్తే జట్టు యజమాని భరించాలి. బాకీ తీరేదాకా జట్టు కదలకూడదు. ఈ మూడూ రాతపూర్వకంగా ఇస్తే నేనూ అనుకూలంగానే ఓటేస్తాను.