వీణ రికార్డింగుకు చప్పుడు చేయని కంప్యూటర్: 45 వేల రూపాయలలో కుదురుతుందా?

అనుమంద్రం (విజయవాడ):

అందరికీ నమస్కారం. నేను ఇంటి వద్ద పిల్లలకు వీణ నేర్పుతాను. రెండేళ్లుగా పాఠాలనూ, అప్పుడప్పుడు కొన్ని కృతులనూ ఇంట్లోనే రికార్డు చేసుకుంటున్నాను. నా దగ్గరున్నది బొబ్బిలి వీణ; గొల్లపల్లిలో పనస మాను నుండి ఏకాండిగా తొలిచి చేసినది. దాని నాదం చాలా మృదువు కాబట్టి మైకు గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) బాగా పెంచవలసి వస్తుంది. మీటిన తరువాత గమకం సన్నబడుతూ పోయే ఆ రెండు మూడు క్షణాలలోనే రాగమంతా ఉంటుంది కదా, సరిగ్గా అక్కడే నా కంప్యూటర్ హోరు పైకి తేలుతోంది.

ఆ కంప్యూటర్ ఎనిమిదేళ్ల నాటిది. మా అబ్బాయి ఆటల కోసం పెట్టించుకున్న గ్రాఫిక్స్ కార్డు, ఒక హార్డ్ డిస్కు, క్యాబినెట్‌తో పాటు వచ్చిన చిన్న ఫ్యాన్లు అందులో ఇప్పటికీ తిరుగుతున్నాయి. రెండు మైకులు పట్టే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె), ఒక కండెన్సర్ మైకు, మానిటర్, కీబోర్డు ఉన్నాయి కాబట్టి వాటికి ఖర్చు పెట్టనక్కరలేదు. గది పది అడుగులకు పన్నెండు అడుగులు. రికార్డు చేసేటప్పుడు సీలింగ్ ఫ్యాను, ఏసీ రెండూ ఆపేస్తాను; మే నెలలో అది ఎంత కష్టమో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. వీణ, మృదంగం, తంబుర కలిపినా నాలుగు ట్రాకులకు మించి నాకు ఎన్నడూ అవసరం రాలేదు.

హోరును తొలగించే సాఫ్ట్‌వేర్ వాడి చూశాను. హోరుతో పాటు గమకం తోక కూడా తెగిపోయి, మిగిలిన నాదం నీళ్లలో నుండి వినిపించినట్లు ఉంటోంది. అందుచేత 45 వేల రూపాయలలో కొత్తది కట్టించుకోవాలని అనుకుంటున్నాను. అసలు ఫ్యానే లేని కంప్యూటర్ తీసుకోవచ్చునా? ప్రాసెసర్ ఏ మాత్రం ఉంటే సరిపోతుంది?

పాతబోర్డు (హైదరాబాద్):

అనుమంద్రం గారూ, నమస్కారం. మీ పనికి పెద్ద ప్రాసెసర్ అవసరం లేదని ముందుగా లెక్కతోనే చెబుతాను. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వద్ద ఒక ట్రాకు సెకనుకు 144 కిలోబైట్లు మాత్రమే రాస్తుంది. అంటే గంటకు సుమారు 520 మెగాబైట్లు, నాలుగు ట్రాకులకు గంటకు రెండు గిగాబైట్ల పైచిలుకు. దీనికి ఆటల కంప్యూటర్ పెట్టడం కూరగాయలు తేవడానికి లారీ కట్టడం వంటిది. పైగా మీరు వాయిస్తూ మీ వీణను హెడ్‌ఫోన్‌లో వినేది ఇంటర్‌ఫేస్‌లోని డైరెక్ట్ మానిటర్ ద్వారా, అంటే కంప్యూటర్ దాకా పోకుండా నేరుగా, అయితే కంప్యూటర్ ఆలస్యంతో మీకు నిమిత్తం లేదు. కంప్యూటర్ గుండా విన్నప్పటికీ, 256 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకు పోగుచేసుకునే శబ్దం) తెచ్చే ఆలస్యం ఒక వైపుకు 5.3 మిల్లీసెకన్లే, సుమారు ఆరడుగుల దూరాన ఉన్న మృదంగం చప్పుడు మీ చెవికి చేరడానికి కూడా దాదాపు అంత సమయమే పడుతుంది.

కొత్తది కొనే ముందు పాతదానిలో రెండు వస్తువులను తీసి చూడండి. మొదటిది గ్రాఫిక్స్ కార్డు. మీ మదర్‌బోర్డు వెనుక మానిటర్ తగిలించే చోటు ఉండి, ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే ఆ కార్డు మీకు దండగ. రెండవది హార్డ్ డిస్కు. సాధారణ డెస్క్‌టాప్ డిస్కు నిమిషానికి 7200 సార్లు, అంటే సెకనుకు 120 సార్లు తిరుగుతుంది, ఆ 120 హెర్ట్జ్ అదురు క్యాబినెట్ రేకులోకి, అక్కడి నుండి బల్లలోకి దిగుతుంది. మీరు మూడు శ్రుతిలో వాయించేవారైతే మీ రెండవ తంత్రి పంచమం సుమారు 123 హెర్ట్జ్. ఆ డిస్కు మీ పక్కన కూర్చుని అపశ్రుతిలో పంచమం పట్టుకుంటోందన్న మాట! ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. 500 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టుకుని, పాత రికార్డింగులను బయటి డిస్కులోకి ఎక్కించి, పని లేనప్పుడు దానిని ఊడదీసి ఉంచండి.

కొత్తదే కట్టించుకునే పక్షంలో గ్రాఫిక్స్ తనలోనే ఉన్న ప్రాసెసర్‌ను ఎంచుకోండి. రైజెన్ 5 5600జీ కాని, కోర్ ఐ3 12100 కాని మీకు ధారాళంగా సరిపోతుంది. రెండవదానిలో పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్నది తీసుకోకండి, అందులో గ్రాఫిక్స్ ఉండదు. 5600జీ 65 వాట్ల ప్రాసెసర్. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగులలో) ఎకో మోడ్ ఉన్న బోర్డు తీసుకుంటే దానిని 45 వాట్లకు దింపవచ్చు. నాలుగు ట్రాకుల పనిలో తేడా మీకు తెలియనే తెలియదు. వేడి తగ్గితే ఫ్యాను నెమ్మదిస్తుంది, ఫ్యాను నెమ్మదిస్తే చప్పుడు ఊహించనంతగా పడిపోతుంది. ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గిస్తే చప్పుడు సుమారు 15 డెసిబెళ్లు తగ్గుతుందన్నది ఫ్యాన్ల ఇంజినీర్లు వాడే లెక్క. అందువల్ల ప్రాసెసర్‌తో వచ్చే చిన్న కూలర్‌ను పక్కన పెట్టి, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్ వేయించుకోండి. పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగి కూడా అంతే గాలిని తోస్తుంది.

ఫ్యానే లేనిది వద్దని నా సలహా. ఇంటర్నెట్‌లో ఫ్యాను లేని కంప్యూటర్లను మెచ్చుకునేవారు చాలామంది చలి దేశాలవారు. వారి గది 20 డిగ్రీలు. చిప్పు వేడి గది వేడి మీద కూడుకునేదే కాని, దానితో సంబంధం లేకుండా ఉండేది కాదు. బెజవాడ మేలో ఏసీ ఆపేసిన గది 38 డిగ్రీలకు చేరితే, అక్కడ 60 డిగ్రీల వద్ద ఉండే చిప్పు ఇక్కడ 78కి వస్తుంది. గట్టి పని పడితే తనను తాను నెమ్మదింపజేసుకుంటుంది, రికార్డింగు మధ్యలో చిటచిటలు వస్తాయి. నెమ్మదిగా తిరిగే రెండు పెద్ద ఫ్యాన్లు ఉన్న, ముందు భాగం జల్లెడలా రంధ్రాలతో ఉండే క్యాబినెట్ మన ఎండలకు మేలు. లోపల స్పాంజి అతికించి మూసేసిన "సైలెంట్" క్యాబినెట్‌లు చప్పుడును కొంత ఆపుతాయి కాని గాలిని కూడా ఆపుతాయి. గాలి ఆడకపోతే ఫ్యాన్లు వేగం పెంచుకుంటాయి, మళ్లీ మొదటికే వస్తుంది.

ఫ్యాన్ల వేగాన్ని బయోస్‌లో మీరే నిర్ణయించి, 65 డిగ్రీల వరకు ఒకే స్థాయిలో తిరిగేట్లు పెట్టండి. మీరు వాడిన సాఫ్ట్‌వేర్ నాదాన్ని నీళ్లపాలు చేయడానికి ఒక కారణం ఇదే కావచ్చు. అది మొదట కొద్ది సెకన్ల హోరును నమూనాగా తీసుకుని, దానిని మొత్తం నుండి తీసివేస్తుంది. ఫ్యాను ఒకసారి పెరిగి ఒకసారి తగ్గితే ఆ నమూనా తప్పుతుంది. నిలకడగా ఉన్న హోరును తక్కువ మోతాదులో తీసేయవచ్చు.

చివరగా ఒక మాట. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ను, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టెను, వాడకండి. నేను ఒకసారి అలా మిగుల్చుకున్న డబ్బుకు ఆరు నెలలు సన్నని కీచు చప్పుడు విన్నాను. 450 వాట్ల మంచిది, తక్కువ లోడులో ఫ్యాను ఆగిపోయేది దొరికితే మరీ మంచిది. విడిభాగాల ధరలు వారం వారం మారుతున్నాయి కాబట్టి రెండు మూడు దుకాణాలలో కొటేషన్ తీసుకోండి. బడ్జెట్ మించితే ప్రాసెసర్‌లో తగ్గించుకోండి కాని ఎస్‌ఎంపీఎస్, కూలర్‌లలో వద్దు.

రెండోచేతి (సికింద్రాబాద్):

పాతబోర్డు గారు చెప్పినదంతా సరైనదే కాని, 45 వేలు ఖర్చు చేయడం అవసరమా అన్నది నా సందేహం. ఇక్కడ చెనోయ్ ట్రేడ్ సెంటర్‌లో ఆఫీసుల నుండి వచ్చిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ వంటి రీఫర్బిష్డ్ (బాగుచేసి మళ్లీ అమ్మే) కంప్యూటర్లు బోలెడు దొరుకుతాయి, మీ బడ్జెట్‌లో సగం కూడా కావు. ఇంటెల్ ఎనిమిదవ తరం లేదా ఆ తరువాతిదే తీసుకోండి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 అంతకు ముందు తరాలను అధికారికంగా ఒప్పుకోదు. పుస్తకమంత చిన్నవాటి జోలికి పోకండి. వాటిలో ఉండే ఒకే ఒక్క బుల్లి ఫ్యాను పని పడగానే ఈగలా రొద పెడుతుంది. కాస్త పెద్ద క్యాబినెట్ ఉన్నది తీసుకోండి. దుకాణంలో చెవి పెట్టి వింటే ఏమీ తెలియదు, అక్కడి గోల అలాంటిది; వారం లోపు తిరిగి ఇచ్చే షరతు మీద కొని, ఇంట్లో అర్ధరాత్రి విని చూడండి.

మైకు వెనుక (విశాఖపట్నం):

చాలాకాలం రికార్డింగు పని చేసినవాడిగా నా మాట వేరు. అసలు కంప్యూటర్ ఆ గదిలో ఎందుకు ఉండాలి? మన ఇళ్ల గోడలు ఇటుక గోడలు. ఏ సైలెంట్ క్యాబినెట్ కూడా తొమ్మిదంగుళాల ఇటుకకు సాటి రాదు. యూఎస్‌బీ కేబుల్‌ను మామూలుగా ఐదు మీటర్ల వరకే నమ్మవచ్చు కాబట్టి ఇంటర్‌ఫేస్‌ను కూడా కంప్యూటర్ పక్కనే ఉంచి, మైకు కేబుల్‌ను పొడిగించండి. ఆ మైకు కేబుల్ (ఎక్స్‌ఎల్‌ఆర్) బ్యాలెన్స్‌డ్ రకం, అంటే దారిలో మోతను అంతగా పట్టనిది, 15 మీటర్లు పోయినా దానికి లెక్క లేదు. కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) కూడా దాని గుండానే మైకును చేరుతుంది. మీరు వాయిస్తుంటే బటన్ నొక్కడానికి ఎవరూ లేకపోతే, ఒక వైర్‌లెస్ కీబోర్డు దగ్గర పెట్టుకుంటే చాలు.

అలా కుదరకపోతే మైకును సరిగా తిప్పుకోండి. మీది కార్డియాయిడ్ మైకు అయితే సరిగ్గా దాని వెనుక వైపు నుండి వచ్చే శబ్దాన్ని అది అతి తక్కువగా పట్టుకుంటుంది. చాలామంది కంప్యూటర్ ముందు కూర్చుని, వీణ మీదుగా మైకును తెర వైపు గురి పెడతారు. అది హోరును చేయి పట్టి పిలవడమే. కంప్యూటర్ మైకు వీపు వైపున, నేల మీద, గది మూలన, రబ్బరు పట్టీ మీద ఉండాలి. మైకును వీణకు రెండడుగుల నుండి అడుగుకు దగ్గర చేస్తే నాదం సుమారు 6 డెసిబెళ్లు పెరుగుతుంది, అంతమేరకు గెయిన్ తగ్గించవచ్చు. అయితే మరీ దగ్గరైతే గోటి మీటు చప్పుడు, మెట్ల మీద వేళ్లు జారే చప్పుడు ఎక్కువవుతాయి. కుండకూ మెట్లకూ నడుమ, కొంచెం పై నుండి వాలుగా పెట్టి, అంగుళం అంగుళం జరుపుతూ మీ చెవితో తేల్చుకోండి. ఆ స్థానాన్ని వీణ వీణకూ వెతుక్కోవలసిందే.

ఇవన్నీ చేసే ముందు చిన్న పరీక్ష ఒకటి చేయండి. ఎవరి దగ్గరైనా ల్యాప్‌టాప్ తీసుకుని, చార్జర్ పీకేసి, మీ ఇంటర్‌ఫేస్ తగిలించి, అదే గెయిన్‌తో నిశ్శబ్దాన్ని రెండుసార్లు రికార్డు చేయండి. ఒకసారి మీ కంప్యూటర్ నడుస్తుండగా, ఒకసారి దానిని ఆపేసి. తేడా స్వల్పమే అయితే మీ శత్రువు కంప్యూటర్ కాదు, వీధి, ఫ్రిజ్, లేదా పక్కింటి మోటారు.

అనుమంద్రం (విజయవాడ):

ముగ్గురికీ ధన్యవాదాలు. మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌తో తెల్లవారుజామున నాలుగున్నరకు పరీక్ష చేశాను. కంప్యూటర్ ఆపేయగానే హోరు స్పష్టంగా తగ్గింది కాబట్టి నేరం దానిదే. తరువాత గ్రాఫిక్స్ కార్డు తీసేయించి, హార్డ్ డిస్కుకు బదులు ఎస్‌ఎస్‌డీ వేయించాను. సగానికి పైగా పోయింది. మిగిలినది సన్నని గాలి చప్పుడు. మైకు వీపును అటు తిప్పాక వీణ ఆగిన తరువాత చెవి పెట్టి వెతికితే తప్ప వినిపించడం లేదు. పక్కది వంటగది కాబట్టి గోడ అవతల పెట్టడం కుదరదు. ప్రస్తుతానికి కూలర్, ఎస్‌ఎంపీఎస్ మాత్రం మార్పించి, మిగిలిన డబ్బు దాచుకుంటాను.

ఒక కొత్త సందేహం వచ్చింది. ల్యాప్‌టాప్‌కు చార్జర్ పెట్టగానే జుయ్యిమని ఒక మోత రికార్డింగులో వచ్చింది, తీయగానే పోయింది. నా కంప్యూటర్‌ను ఇంటి ఇన్వర్టర్ మీద నడిపినప్పుడు కూడా ఇలాంటిదే వస్తోంది. కరెంటు పోతే రికార్డింగు పోకుండా యూపీఎస్ కొనాలా?

పాతబోర్డు (హైదరాబాద్):

చార్జర్‌తో వచ్చే మోత గాలిలో నుండి వచ్చింది కాదు, తీగలో నుండి వచ్చింది. ముందుగా ఆ గది ప్లగ్గులో ఎర్తింగ్ నిజంగా ఉన్నదా అని ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మూడు రంధ్రాలు ఉన్నంత మాత్రాన మూడవదానికి తీగ ఉన్నట్లు కాదు. ఆపైన కంప్యూటర్, ఇంటర్‌ఫేస్, స్పీకర్లు అన్నింటినీ ఒకే స్పైక్ బస్టర్ నుండి నడపండి. వేర్వేరు ప్లగ్గుల ఎర్తుల మధ్య తేడా ఉంటే అదే 50 హెర్ట్జ్ మోతగా వినిపిస్తుంది.

మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమేమో చూడండి. ఆ రకం మోత పెడుతుంది, కొత్త ఎస్‌ఎంపీఎస్‌లకు అది పడదు కూడా. ప్యూర్ సైన్ వేవ్‌ది అయితే ఈ ఇబ్బంది చాలావరకు ఉండదు. గ్రాఫిక్స్ కార్డు లేని మీ కంప్యూటర్ మానిటర్‌తో కలిపినా వంద వాట్ల లోపే తీసుకుంటుంది కాబట్టి 600 వీఏ యూపీఎస్ ఎక్కువే. అయితే కొనేటప్పుడు బీప్ శబ్దాన్ని ఆపుకునే వీలున్నదా అని అడిగి మరీ తీసుకోండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు రికార్డింగు దక్కుతుంది, తంబురతో పాటు ఆ బీపూ అందులో చేరుతుంది.