బాస్ చేపకు ఏ ల్యూర్ వేయాలి? పెట్టె నిండా ఉన్నాయి, చేప మాత్రం లేదు

కాలువగట్టు (డాలస్ ఉత్తర శివారు):

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లె. చిన్నప్పుడు బడి లేని రోజంతా కాలువ గట్టు మీదే గడిచేది. వెదురు కర్ర, నైలాన్ దారం, బెండుకు నెమలి ఈక, పాక వెనక పెంటకుప్పలో తవ్వి తెచ్చుకున్న వానపాములు. సరంజామా అంతే. పరిగెలూ జెల్లలూ కొబ్బరి ఈనెకు గుచ్చుకుని ఇంటికి వస్తే అమ్మ తిడుతూనే పులుసు పెట్టేది. నాకు చేపలు పట్టడం రాదని ఎవరైనా అంటే మొన్న మొన్నటి దాకా ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఫిబ్రవరి నుంచి ప్రతి శనివారం లూయిస్‌విల్ చెరువుకు వెళుతున్నాను. (ఇక్కడి వాళ్ళకు లేక్. ట్రినిటీ నది పాయకు కట్ట వేసి నిలబెట్టిన నీళ్ళే కనుక నాకు చెరువే.) పడవ లేదు, గట్టు మీద నుంచే వేస్తాను. అయిదు వారాలైంది, ఒక్క బాస్ పడలేదు. వానపాము గుచ్చితే అరచేతిలో ఇమిడే సన్‌ఫిష్‌లు రెండు నిమిషాల్లో నమిలి పోతున్నాయి. బాస్ కావాలంటే ల్యూర్లు (చేపను మభ్యపెట్టే నకిలీ ఎరలు) కొనమని ఆఫీసులో ఒకాయన సలహా ఇచ్చాడు. దుకాణంలో ఒక గోడ మొత్తం అవే. తీర్థంలో గాజుల కొట్టు ముందు నిలబడినట్టు ఉంది. అక్కడి కుర్రవాడు ఒక్కొక్కటే తీసి చేతిలో పెడుతుంటే వద్దనలేకపోయాను. 11 ల్యూర్లు, 83 డాలర్లు. బిల్లు ఇంట్లో చూపించలేదు.

నా దగ్గర ఉన్నవి ఇవి: మూతి కింద ప్లాస్టిక్ నాలుక ఉన్న క్రాంక్‌బెయిట్లు మూడు (ఒకటి అప్పుడే కట్ట రాళ్ళలో ఇరుక్కుని పోయింది, కనుక రెండే అనుకోండి), తళతళలాడే రేకులున్న స్పిన్నర్‌బెయిట్లు, బోలు కప్ప ఒకటి, నీటి మీద తేలే చుట్ట ఆకారపుది ఒకటి, గుత్తిగా కుచ్చులున్న జిగ్‌లు (తల దగ్గర బరువున్న గాలాలు), ఒక పొట్లం ప్లాస్టిక్ పురుగులు. రాడ్ ఆరున్నర అడుగుల మీడియం స్పిన్నింగ్, దారం 8 పౌండ్ల బరువు ఆపే మోనో (ఒంటి పోగు నైలాన్).

వీటిలో ఏది, ఎప్పుడు, ఎలా వేయాలి? రంగు ముఖ్యమా? అన్నిటికంటే పెద్ద అనుమానం: బెండు లేకుండా చేప కొట్టిందని ఎలా తెలుస్తుంది? నలభై ఏళ్ళుగా నా చూపు బెండు మీదే ఉంది. తొమ్మిదేళ్ళ అమ్మాయిని వెంట తీసుకువెళుతున్నాను. పోయిన వారం "నాన్నా, ఇందులో నిజంగా చేపలు ఉన్నాయని నీకు ఎవరు చెప్పారు?" అని అడిగింది.

ఆదివారం జాలరి (అట్లాంటా):

ఇంత తంటా ఎందుకండీ? బతికిన మిన్నోలు (ఎరకు వాడే చిన్న చేపలు) కొనుక్కుని, మీకు ఇష్టమైన బెండు కిందే వేలాడదీయండి. బాస్‌లో ప్రపంచ రికార్డు మా జార్జియాదే: 1932లో జార్జ్ పెర్రీ పట్టింది, 22 పౌండ్ల 4 ఔన్సులు. 77 ఏళ్ళ తరవాత, 2009లో, జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దానికి సమానమైనది పట్టాడు. ఆయన వేసింది ప్లాస్టిక్ కాదు, బతికిన బ్లూగిల్ చేప. చేప తినేది చేపనే. ల్యూర్లు మనుషుల కోసం తయారుచేస్తారు.

రాత్రిడ్యూటీ (టైలర్, తూర్పు టెక్సాస్):

జాలరి గారి ఆఖరి మాట నిజం. గోడకు వేలాడే ల్యూర్లలో సగం చేపల కోసం కాదు, మన కోసమే. కానీ బతికిన ఎరను బాస్ లోపలి దాకా మింగుతుంది. గాలం గొంతులో దిగిన చేపను వదిలినా బతకడం కష్టం. అందుకే నేను వేయను.

తమ్ముడూ, నా వయసు 58, అందుకని ఏకవచనం వాడుతున్నాను. ముందు ఆ పెట్టె మూసెయ్యి. మిగిలినవన్నీ కారులో పెట్టి ప్లాస్టిక్ పురుగుల పొట్లం ఒక్కటి జేబులో వేసుకో. ఈ వసంతం అంతా అదే.

మాది వరంగల్. నర్సు ఉద్యోగానికి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డాను. ఆ పురుగుకు పుట్టినిల్లు ఒహాయో అయితే మెట్టినిల్లు మా టైలర్. 1949లో ఆక్రన్‌లో నిక్ క్రీమ్ దంపతులు వంటింటి పొయ్యి మీద కాచి పోసిన పురుగు అది. తరవాత ఆ కంపెనీ ఇక్కడికి వచ్చింది. దాన్ని గుచ్చే పద్ధతికి టెక్సాస్ రిగ్ అని పేరు. నువ్వు ఉన్నది టెక్సాస్‌లో. మొహమాటపడకు.

రాత్రి డ్యూటీ దిగి నేరుగా నీళ్ళ దగ్గరికి పోవడం నాకు ఇరవై ఏళ్ళ అలవాటు. మొదటి ఏడాది నా గతి నీ గతే. మా వార్డులో పనిచేసి రిటైరైన ఒక ముసలాయన నా అవస్థ చూసి ఒకరోజు దారానికి ఉన్నదంతా కోసేశాడు. గాలం లేదు, పురుగు లేదు, కొసకు సీసపు గుండు ఒక్కటే. దాన్ని విసిరి, కళ్ళు మూసుకుని, నేల మీద మెల్లగా ఈడ్చమన్నాడు. "ఇప్పుడు అడుగున ఏముంది?" బురద అయితే దారం బరువుగా, మెత్తగా వస్తుంది. గులకరాయి అయితే సన్నగా గరగర. మాను మీదికి ఎక్కితే బరువు పెరిగి పెరిగి ఒక్కసారిగా జారుతుంది. రెండు గంటలు అదే పని. చేప పట్టలేదు కానీ, నీ పెద్ద అనుమానానికి జవాబు ఆ రోజే దొరికింది. బెండు పని ఇప్పుడు నీ చూపుడు వేలు చేయాలి. రీలుకూ రాడ్‌కూ నడుమ దారాన్ని వేలి మీద ఆనించుకో. నాడి చూసేటప్పుడు మణికట్టును గట్టిగా నొక్కితే నాడి అందదు, వదులుగా పట్టుకున్నా అందదు. ఇదీ అంతే. దారం బిగుతుగా ఉండకూడదు, కుప్పగా పడి ఉండకూడదు.

చేప కొట్టడం ఎలా ఉంటుందంటే, బాస్ కొరకదు. నోరు తెరిచి నీళ్ళతో సహా లోపలికి లాక్కుంటుంది. ఆ లాగుడు దారంలో టక్కుమని ఒక్క దెబ్బగా తెలుస్తుంది. కొన్నిసార్లు అదీ ఉండదు. ఎత్తితే తడిగుడ్డ బరువు ఉంటుంది, లేదా దారం తనంతట తాను పక్కకు నడుస్తుంది. చాలాసార్లు ఇది పురుగు కిందికి దిగేటప్పుడే జరుగుతుంది. ఎక్కువ ఆలోచిస్తే ఉమ్మేస్తుంది. వదులు దారం చుట్టేసి, రాడ్‌ను గట్టిగా పైకి కొట్టు. అనుమానం వచ్చినా కొట్టు, కొట్టడానికి డబ్బు అడగరు.

గుచ్చడం: బుల్లెట్ ఆకారపు చిన్న గుండు దారానికి ఎక్కించు, నీ రాడ్‌కు 3/16 ఔన్సు, అంటే సుమారు 5 గ్రాములు చాలు. దాని కింద మెడ దగ్గర మెలిక ఉన్న 2/0 సైజు గాలం కట్టు. మొనను పురుగు తలలో పావు అంగుళం దించి పక్కనుంచి బయటికి తీసి, గాలాన్ని తిప్పి, మొనను మళ్ళీ ఒంట్లోకే దూర్చు. మొన చర్మం కింద దాగి ఉండాలి. అప్పుడు రాళ్ళకూ కొమ్మలకూ తగులుకోవడం బాగా తగ్గుతుంది. పురుగు తిన్నగా ఉండాలి, వంకర ఉంటే నీళ్ళలో గిరగిరా తిరిగి దారం మెలిపడుతుంది. 8 పౌండ్ల మోనో తీసేసి 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ వేయించుకో. మోనోలో నీ టక్కు చాలావరకు మాయమవుతుంది.

విసిరాక అడుగుకు చేరనివ్వు. రాడ్ కొసను గడియారంలో తొమ్మిది నుంచి పదకొండుకు లేపు, మళ్ళీ దించు, వదులు చుట్టు, ఆగు. ఆగమంటే నిజంగా ఆగు. నువ్వు నెమ్మది అనుకునేదానిలో సగం వేగం.

వానపాముతో పెరిగిన వాళ్ళకు ఇంకొకటి మింగుడుపడదు. అక్కడ ఎర వేసి కూర్చుంటే వాసనకు చేప వస్తుంది. బాస్ అలా తిరుగుతూ వచ్చే రకం కాదు, మాటు వేసే రకం. మాను పక్కన, రాయి నీడలో, పడవల రేవు స్తంభం వెనక నిలబడి ముందు నుంచి పోయేదాన్ని అందుకుంటుంది. ఒకే చోట కూర్చోకు, గట్టు వెంట నడు. కట్ట మీద నిలబడి లోతుకు విసిరితే రాళ్ళన్నీ నీ కాళ్ళ కిందే మిగిలిపోతాయి. కట్టకు సమాంతరంగా విసురు. మార్చి ఆఖరున నీళ్ళు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటగానే గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. పడవ లేని వాళ్ళకు ఇంతకంటే మంచి రోజులు లేవు.

రంగుకు పెద్ద చర్చ అక్కరలేదు. తేట నీళ్ళకు గుమ్మడి పచ్చ, బురద నీళ్ళకు నలుపు నీలం. కొన్నవి ఊదా రంగువైతే అవే వేసుకో.

మిగిలినవాటి సంగతి. క్రాంక్‌బెయిట్‌కు నాలుక ఎంత పొడుగుంటే అంత లోతుకు పోతుంది. నువ్వు పోగొట్టుకున్నదానికి పొడుగు నాలుక ఉండి ఉంటుంది. పొట్టి నాలుకది రాళ్ళకు తగిలేలా లాగి, తగలగానే ఒక్క క్షణం ఆపు. గాలి వీచి నీళ్ళు కలకబారిన రోజున స్పిన్నర్‌బెయిట్. చుట్ట ఆకారపుది మే నెలలో, సూర్యుడు రాకముందు. కప్ప జోలికి ఇప్పుడు పోవద్దు.

14 అంగుళాల లోపు బాస్‌ను ఉంచుకోకూడదు, రోజుకు అయిదే. కొన్ని చెరువులకు వేరే లెక్క ఉంటుంది: మా ఉత్తరాన లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల నడుమ ఉన్నవి వదిలేయాలి. రాష్ట్ర రికార్డు 18.18 పౌండ్ల బాస్ 1992లో ఆ నీళ్ళలోనే పడింది. నీకు లైసెన్సు కావాలి, అమ్మాయికి 17 నిండే దాకా అక్కరలేదు.

మానేరు ఒడ్డు (కరీంనగర్):

అక్కయ్య గారికి నమస్కారం. కప్పను తీసిపారేయకండి. నాకు బాస్ తెలియదు కానీ, ఆ బోలు కప్పతోనే మా దగ్గర కొర్రమీను పడతాం. ముందు బతికిన కప్పలనే గుచ్చేవాళ్ళం. తామరాకుల మీదుగా కప్పను ఈడుస్తుంటే కింద నుంచి పేలినట్టు లేస్తుంది. కొత్తవాళ్ళు ఆ చప్పుడుకే లాగేస్తారు, కప్ప ఎగిరి వచ్చి ముఖానికి తగులుతుంది. బరువు చేతికి తెలిసే దాకా ఓపిక పట్టాలి. కాలువగట్టు గారికి 10 పౌండ్ల దారం దానికి సరిపోదు, ఆకుల్లోంచి లాగాలంటే 50 పౌండ్ల అల్లిక దారం, గట్టి రాడ్ కావాలి.

ఒక ప్రశ్న. మా వైపు ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నట్టు లెక్క. అప్పుడు కప్ప వేస్తే కోపానికి తప్పకుండా కొడుతుంది. మా నాన్న మాత్రం వేయనిచ్చేవాడు కాదు. గుడ్లు పెట్టే రోజులే మంచివని మీరంటున్నారు. అక్కడ అది తప్పు కాదా?

రాత్రిడ్యూటీ:

కప్ప విషయంలో నువ్వన్నది నిజం, బాస్ దగ్గరా అదే లెక్క. ఇతని రాడ్ చూసే వద్దన్నాను. నాచు పెరిగాక వేరే సెట్టు కొనుక్కుని వేసుకోమను. (ఇక్కడ నీళ్ళను మింగేస్తున్న హైడ్రిల్లా నాచు మన చెరువుల్లో ఉండేదే.)

రెండోదానికి సూటిగా చెబుతాను. చట్టం ఒప్పుకుంటుంది, నా మనసు సగమే ఒప్పుకుంటుంది. బాస్‌లో గుడ్లకు కాపలా ఉండేది మగది. దాన్ని కాసేపు ఎత్తి పట్టుకున్నా ఆ లోపల సన్‌ఫిష్‌లు వచ్చి గుడ్లు తినేస్తాయి. కంటికి కనిపించే గూడు మీదికి నేను వేయను. కనిపించని చోట పడితే నీళ్ళలోనే ఉంచి గాలం తీసి, వెంటనే అక్కడే వదిలేస్తాను. ఇక్కడ దీని మీద స్నేహాలు చెడిన వాళ్ళు ఉన్నారు. మీ నాన్నగారిది సరైన మాట.

కాలువగట్టు:

రెండు శనివారాల తరవాత వస్తున్నాను. మొదటి వారం అక్కయ్య చెప్పినట్టు గుండు ఒక్కటే కట్టి ఈడ్చాం. నాకంటే మా అమ్మాయికి త్వరగా తెలిసింది. కళ్ళు మూసుకుని "రాయి, రాయి, బురద, కర్ర" అని చెబుతూ పోయింది. మేము నిలబడే చోట అంతా బురదే. అయిదు వారాలు ఖాళీ నేల మీద గాలం వేశానన్నమాట. నలభై అడుగులు కుడివైపు జరిగితే రాళ్ళు మొదలవుతాయి.

నిన్న ఉదయం ఏడున్నరకు ఆ రాళ్ళ వెంట సమాంతరంగా వేశాను. టక్కు రాలేదు. దారం ఎడమకు నడిచింది. నేను చూస్తూ నిలబడ్డాను, అమ్మాయి "కొట్టు నాన్నా" అని అరిచింది. 13 అంగుళాలు. కింది పెదవిని బొటనవేలితో పట్టుకోవాలని ఎక్కడో చదివాను, అలాగే పట్టుకుని కొలిచి వదిలేశాను. చేయి ఇంకా ఇసుకకాగితంతో రుద్దినట్టు ఉంది.

ఒక చిన్న సందేహం. చేప పడ్డాక పురుగు తల చీలిపోయింది, గాలం మీద నిలబడటం లేదు. ఒక చేపకు ఒక పురుగా?

రాత్రిడ్యూటీ:

చీలిన అర అంగుళం గిల్లేసి మళ్ళీ గుచ్చు. పొట్టి పురుగును బాస్ కాదనదు. ఇక పనికిరాదు అనుకున్నాక నీళ్ళలో పారేయకు, జేబులో వేసుకుని ఇంటికి తీసుకుపో. అది కరగదు, చేప మింగితే కడుపులోనే ఉండిపోతుంది. ఈ శనివారం రాడ్ అమ్మాయి చేతికి ఇవ్వు.