ఉల్లి వేరు మైటాసిస్ (కణవిభజన) బొమ్మలు ఇంకుతో గీయాలి, షేడింగ్ ఎట్టా?

కావలి_బాటనీ:
అన్నలూ అక్కలూ, నేను కావలిలో డిగ్రీ ఫైనలియర్. కాలేజీ మ్యాగజైన్‌కి మైటాసిస్ దశలు నాలుగూ ఇంకుతో గీసివ్వమన్నారు. పెన్సిల్‌తో అయితే వేలితో రుద్ది షేడ్ చేసేదాన్ని, అది జెరాక్స్‌లో అంతా మసిమసిగా వస్తా ఉంది. ఇంకుతో అవుట్‌లైన్ బానే వస్తది గానీ క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడ్డచోట ఏది పైన ఏది కింద తెలీట్లేదు, పైగా రికార్డు షీటు మీద ఇంకు పాకతా ఉంది. ఏం పెన్ను ఏం పేపరు కొనాలో చెప్పండబ్బా.

నెల్లూరు_నల్లసిరా:
రికార్డు షీటు వదిలెయ్ ముందు. నున్నటి ఐవరీ కార్డు తీసుకో, వాటర్‌ప్రూఫ్ పిగ్మెంట్ ఇంకు పెన్నులు రెండు చాలు, 0.1 మి.మీ. మొనది ఒకటి 0.3ది ఒకటి. షేడింగ్ అంతా చుక్కలే. పెన్ను నిటారుగా పట్టుకుని ఒక్కో చుక్క పెట్టాలి, విసురుగా కొడితే తోకలొస్తాయి, వరసలో పెడితే గీతల్లా కనపడతాయి. వెలుగు ఎడమపక్క పైనుంచి పడతా ఉందనుకుని కింద కుడి అంచున చుక్కలు దగ్గర దగ్గరగా పెట్టు. ఇక క్రోమోజోముల సంగతి, పైదాని గీత పూర్తిగా గీసి, కిందది దానికి తగిలే ముందే ఆపెయ్, మధ్యలో సన్నగా తెల్లటి సందు వదులు. అంతే, పైనా కిందా తెలిసిపోద్ది. ఇంకు బాగా ఆరాకే పెన్సిలు గీతలు చెరుపు.

ఒంగోలు_మాస్టారు:
చుక్కలు సరేనమ్మాయ్, నువ్వు స్లైడు చూసి గీస్తన్నావా గైడు చూసి గీస్తన్నావా? గైడుల్లో జంతుకణం బొమ్మ ఎక్కించి ఉల్లి అని పేరు రాసేస్తారు. ఉల్లి కణంలో సెంట్రియోలు (జంతుకణం విభజనప్పుడు రెండు కొసల్లో కనపడే చిన్న నిర్మాణం) ఉండదు, చివర్లో మధ్యన నొక్కుకుపోవడమూ ఉండదు, కణఫలకం ఏర్పడి అదే గోడవుద్ది. స్పెయిన్ శాస్త్రవేత్త కజాల్ అయితే నరాల కణాల బొమ్మలు ఇంకుతో గీసి సంకేతం ఎటు పోతదో బాణాలు కూడా పెట్టాడు, 1906లో గోల్జీతో కలిపి నోబెల్ ఇచ్చారు. జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ ఫ్లెమింగ్ (పెన్సిలిన్ ఫ్లెమింగ్ కాదు) 1882 పుస్తకంలో కణవిభజన బొమ్మలన్నీ చేత్తో గీసినవే. ఫోటోలో కెమెరా ముందు పడిందే వస్తది, బొమ్మలో అయితే పది కణాలు చూసి స్పష్టంగా కనపడిందేదో తేల్చుకుని గీయొచ్చు.

కావలి_బాటనీ:
మాస్టారూ, స్లైడు చూసే గీస్తన్నానండీ, గైడు చూసి పేర్లు మాత్రం రాసుకున్నా. ఉల్లికి 16 క్రోమోజోములు కదా, అన్నీ వేస్తే గజిబిజి అయిపోదా?

ఒంగోలు_మాస్టారు:
మెటాఫేజ్‌లో (క్రోమోజోములు కణం మధ్యలో వరసకొచ్చే దశ) లెక్కపెట్టగలిగితే 16 వెయ్, లేదంటే నాలుగే వేసి కింద 'సరళీకృత చిత్రం' అని రాయి. సగం సగం వేసి వదిలెయ్యమాకు, చూసేవాళ్ళు అదే నిజమనుకుంటారు.

కందుకూరు_ప్రింటింగ్:
ప్రెస్‌లో పనిచేస్తా కాబట్టి ఒక్క మాట. అచ్చులో వచ్చే సైజుకి రెండింతలు గీయండి, తగ్గిస్తే చెయ్యి వణికిన చోట్లు కూడా కలిసిపోతాయి. కాకపోతే గీత మందం కూడా సగమవుద్ది, అందుకని మరీ సన్నవి అచ్చులో మాయమైపోతాయి, చుక్కలు మరీ దగ్గరుంటే ఒకటే మచ్చైపోద్ది. ఫోన్ ఫోటో పంపకండి, 600 డీపీఐ పైన స్కాన్ చేయించండి. ఇంకోటి, బొమ్మ కింద '400 రెట్లు' అని రాయొద్దు. సైజు మార్చగానే అది అబద్ధమైపోద్ది. కొలత గీత ఒకటి బొమ్మలోనే గీసేయండి, బొమ్మతో పాటే తగ్గుద్ది.