పెద్దపిల్ల, నడిపోడు, కడగొట్టు... పుట్టిన వరస పెళ్ళయ్యాక కూడా వెంట వస్తుందా?

కృష్ణలంక_అక్క:
ముగ్గురిలో పెద్దదాన్ని. మొన్న మా ఆయన "నువ్వు నాకు భార్యలా కాదు, అక్కలా ఉంటావు" అన్నారు, కోపంగా కాదు మామూలుగానే, కానీ రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఆయన ఇద్దరు అక్కల తర్వాత కడగొట్టు. ఆలోచిస్తే నిజమే, పర్సు పెట్టుకున్నారా, బండి తాళాలు తీసుకున్నారా అని రోజూ అడిగేది నేనే, ఆయనకి జ్వరం వస్తే చెప్తారు, నాకొస్తే నేను చెప్పను. ఎనిమిదేళ్ళకే చెల్లికి జడలేసి తమ్ముడికి అన్నం పెట్టి అప్పుడు స్కూలుకెళ్ళేదాన్ని, "పెద్దదానివి, నువ్వే సర్దుకోవాలి" అనే మాట ఎన్నిసార్లు విన్నానో. ప్రేమంటే అడక్కముందే చేసిపెట్టడం అని నాలో పాతుకుపోయింది, నాకు కావల్సింది అడగడం మాత్రం రాలేదు. మీ ఇళ్ళల్లో ఎలా ఉంది?

నడిపోడు_కరీంనగర్:
అక్కా, నేను నడిపోన్ని. అన్న పాత ప్యాంట్లు నాకు, కొత్తయి తమ్మునికి. వాళ్ళిద్దరికి లొల్లి అయితే నడుమ పోయి సర్ది చెప్పేది నేనే. ఇప్పుడు పెండ్లయి ఆరేండ్లు, ఇంట్ల చిన్న మాట పెరిగినా గుండె దడదడ, వెంటనే "సరే నీ ఇష్టం" అంట. నా భార్య ఏమంటదంటే "నీకు ఏం కావాల్నో నాకు ఇప్పటిదాంక తెల్వది" అని. ఆమె ఒక్కతే బిడ్డ, గట్టిగ కొట్లాడి పది నిమిషాలల్ల మర్చిపోతది.

సాయంత్రం_చదువు:
వరసని బట్టి స్వభావం అనే ఆలోచనని బాగా ప్రచారంలోకి తెచ్చింది వియన్నా డాక్టరు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్, ఆయనా ఇంట్లో రెండోవాడే. కానీ 2015లో అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో 20 వేల మందికి పైగా వివరాలు తీసి చూస్తే కలుపుగోలుతనం, క్రమశిక్షణ, భావోద్వేగాల నిలకడ లాంటివాటిలో పెద్దా చిన్నా తేడా కనిపించలేదు, తెలివి పరీక్షల్లో మాత్రం కొద్దిపాటి తేడా. నాకు నచ్చింది 2007 నార్వే పరిశోధన. మొదటి బిడ్డ పసితనంలోనే చనిపోతే, ఆ స్థానంలో పెరిగిన రెండోవాళ్ళ స్కోర్లు పెద్దకొడుకుల స్కోర్లకి దగ్గరగా వచ్చాయి. అంటే పుట్టుకలో ఏదో ఉందని కాదు, ఇంట్లో ఇచ్చిన చోటు. పైగా అవి పేరు పెట్టి పిలుచుకునే దేశాలు, మనకి పిలుపులోనే వరస ఉంది, పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్ని, పెద్దకోడలు, చిన్నకోడలు. రోజుకి పదిసార్లు నీ చోటు నీకు గుర్తుచేస్తారు.

వాన_చినుకు:
పై పోస్టు చదివి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్కోర్ల సంగతి తెలీదు గానీ నేను రెండోదాన్ని, నాకు పదకొండేళ్ళప్పుడు అన్నయ్య పోయాడు. అంతవరకు ఇంట్లో అల్లరంతా నాదే. ఆ ఏడాది నుంచి కరెంటు బిల్లు కట్టడం, అమ్మ ఏడుస్తుంటే పక్కన కూర్చోవడం, నాన్న కూడా నన్ను "పెద్దోడా" అని పిలవడం మొదలెట్టారు. పెళ్ళిచూపుల్లో "మా అమ్మానాన్నల్ని నేనే చూసుకుంటాను" అని ముందే చెప్పేశా, రెండు సంబంధాలు అక్కడే ఆగిపోయాయి, మూడో ఆయన "సరే, మా ఇంటి పక్కనే అద్దెకి చూద్దాం" అన్నారు, ఆయన్నే చేసుకున్నా.

ఇద్దరం_తొలిచూలే:
మా ప్రేమపెళ్ళికి అడ్డొచ్చింది కులం కాదండి, ఇద్దరం తొలిచూలు పిల్లలం కావడం. పెద్దకొడుకు, పెద్దకూతురు, జ్యేష్ఠమాసం, మూడు జ్యేష్ఠలు కలవకూడదంటారు కదా, మా అమ్మమ్మ అయితే రెండు కూడా వద్దంది. పంతులుగారు మాఘంలో పెట్టుకోండి, దోషం లేదన్నాక ఒప్పుకున్నారు. తొమ్మిదేళ్ళయింది. మొదటి రెండేళ్ళు గ్యాస్ ఎప్పుడు బుక్ చేయాలన్న దగ్గర కూడా గొడవే, ఎవరి పద్ధతి వాళ్ళకి కరెక్టు. కానీ మామగారికి స్టెంట్ వేసిన రోజు ఒకళ్ళకొకళ్ళం ఏమీ చెప్పుకోకుండానే ఒకరు హాస్పిటల్, ఒకరు పిల్లలు, అన్నీ జరిగిపోయాయి.

చిన్నోడు_41:
చిన్నవాళ్ళకి బాధ్యత ఉండదన్నది మాత్రం ఒప్పుకోను. అన్న డల్లాస్, అక్క బెంగళూరు, అమ్మానాన్నల దగ్గర ఉన్నది నేనే. అయినా పొలం గురించి మాట్లాడితే "నీకేం తెలుసురా చిన్నోడివి" అంటారు. నా భార్య నా మాటకి అడ్డం రాకపోయినా, నన్ను తీసిపారేస్తోందేమో అని ముందే గట్టిగా మాట్లాడేస్తా. అది తన తప్పు కాదని ఈ మధ్యే అర్థమైంది, తనకి ఆ మాట చెప్పాను కూడా.

కృష్ణలంక_అక్క:
అందరికీ థ్యాంక్స్. వాన_చినుకు గారూ, మీ పోస్టు రాత్రి మా ఆయనకి చదివి వినిపించాను, ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం, నాకు ఒంట్లో బాలేని రోజు చెప్పాలని నా దగ్గర మాట తీసుకున్నారు. ఇంకో విషయం, మా పెద్దపాపకి తొమ్మిదేళ్ళు, పొద్దున తమ్ముడికి షూ లేసులు కడుతోంది, నేను చెప్పలేదు, తనంతట తనే. వద్దనాలా, ముద్దుగా ఉందని వదిలేయాలా తెలీక తలుపు దగ్గరే నిలబడిపోయా. ఇద్దరు పిల్లలున్నవాళ్ళు ఇలాంటప్పుడు ఏం చేస్తున్నారో చెప్పరూ?