పెళ్లి వీడియో ఆగి ఆగి ఆడుతోంది: ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి వాడే తేలికపాటి కాపీలు) చేసుకోవాలా, సిస్టమ్ మార్చాలా?

కందుకూరు ఎడిటర్:
మూడు కెమెరాల పెళ్లి, అన్నీ 4కె. రెండు హెచ్.264 (వీడియోని కుదించే పద్ధతి), 8 బిట్. మూడోది ఇంకా ఎక్కువ కుదించే హెచ్.265, 10 బిట్, 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా ఉండే రకం). ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో మూడూ కలిపి మల్టీకెమ్ వేసి ప్లే నొక్కితే తాళి కట్టే చోట బొమ్మ ఆగిపోతోంది, మేళం మాత్రం పోతూనే ఉంది. ఎక్కడ కట్ చేయాలో తెలియడం లేదు. ప్రాసెసర్ రైజెన్ 5. గ్రాఫిక్స్ కార్డు మారిస్తే చాలని షాపులో చెబితే అప్పు చేసి ఆర్‌టీఎక్స్ 3060 వేయించాను. మూడో కెమెరా పెడితే మళ్లీ అదే కథ. టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు స్టూడియో:
ప్రాక్సీలు చేసుకో తమ్ముడూ. హెచ్.265లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. చాలా ఫ్రేముల్లో పక్క ఫ్రేముకీ దానికీ ఉన్న తేడా మాత్రమే ఉంటుంది. నువ్వు ఒక చోట ఆపినా, వెనక్కి జరిపినా సిస్టమ్ అంతకు ముందున్న పూర్తి బొమ్మ నుంచి ఫ్రేములు విప్పుకుంటూ రావాలి. ప్రోరెస్ ప్రాక్సీ అనే ఫార్మాట్‌లో ఏ ఫ్రేముకా ఫ్రేమే. 1080లో, 25 ఫ్రేములకి గంటకు 17 జీబీ దాకా అవుతుంది, అంతే. ఎక్స్‌పోర్ట్ ఎటూ ఒరిజినల్ నుంచే వస్తుంది.

నెల్లూరు ఎడిటర్:
ఒప్పుకోను అన్నా. తెల్లవారుజామున ముహూర్తం, సాయంత్రం రిసెప్షన్‌లో ఎల్‌ఈడీ మీద టీజర్ పడాలంటారు. ఐదారు గంటల ఫుటేజ్‌కి ప్రాక్సీలు తయారయ్యేదాకా కూర్చుంటే పని ఎప్పుడు చేసేది? అసలు సంగతి, 3060కి హెచ్.265 4:2:2 విప్పే హార్డ్‌వేరే లేదు. ఆ రైజెన్‌కీ లేదు. బరువంతా ప్రాసెసర్ కోర్ల మీద పడుతోంది. ఇంటెల్ 11వ తరం నుంచి లోపలి గ్రాఫిక్స్ దాన్ని విప్పుతుంది. పేరు చివర ఎఫ్ ఉన్నది మాత్రం కొనొద్దు, అందులో ఆ గ్రాఫిక్స్ ఉండదు. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కూడా విప్పుతుంది. నేను ఇంటెల్‌కి మారాక ప్రాక్సీ ముట్టుకోలేదు.

ఒంగోలు స్టూడియో:
మంచి మాటే, కానీ అతను ఇప్పటికే అప్పులో ఉన్నాడు. మళ్లీ బోర్డు, ప్రాసెసర్ కొనమంటే ఎలా? నాయిస్ రిడక్షన్, కలర్ వేశాక నీ ఇంటెల్‌లో కూడా ఆగుతుంది.

నెల్లూరు ఎడిటర్:
అది వేరే బరువు అన్నా. ఎఫెక్టులు కట్టింగ్ అయ్యాకే వేయాలి. ప్రాక్సీ మీద ఫోకస్ తప్పిన షాట్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. పెళ్లికూతురి క్లోజప్‌లో అలా జరిగి నేను మాట పడ్డాను.

గూడూరు:
ప్లేబ్యాక్ రిజల్యూషన్ పావుకి తగ్గించి చూశారా?

కందుకూరు ఎడిటర్:
చూశాను, లాభం లేదు. రెండు కెమెరాలే పెడితే బాగా ఆడుతోంది. అంటే ఇబ్బంది మూడోదానిదే. రాత్రి దానికి మాత్రం ప్రాక్సీలు పెట్టి పడుకున్నాను, పొద్దుటికి అయ్యాయి. ఇప్పుడు మూడూ కలిసి ఆడుతున్నాయి. క్లోజప్‌లు మాత్రం ప్రాక్సీ ఆపి ఒరిజినల్‌లో చూస్తున్నాను. వచ్చే పెళ్లికి మూడో కెమెరాని రంగుల వివరం తక్కువుండే 4:2:0లో పెట్టమని చెప్పాను. తాళి అయిపోయింది, తలంబ్రాల్లో ఉన్నాను.