అప్‌డేట్: వారంటీ దాటాక పాడైన ఫ్రిజ్ (మెల్‌బోర్న్) - డబ్బు వెనక్కి వచ్చింది

26 నెలలకే ఫ్రిజ్ చల్లబడటం మానేసిందని, 24 నెలల వారంటీ అయిపోయిందంటూ షాపువాళ్లు చేతులెత్తేశారని, ఏం చేయాలని ఇక్కడ అడిగాను. మొత్తం డబ్బు వచ్చేసింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది ఆస్ట్రేలియన్ కన్స్యూమర్ లా (అక్కడి వినియోగదారుల చట్టం) ప్రకారం అడగమన్న సలహానే. సెక్షన్ 54 ప్రకారం వస్తువు దాని ధరకూ రకానికీ తగినంత కాలం మన్నాలి. ఆ హామీని ఏ ఒప్పందంతోనూ తీసేయడానికి వీల్లేదని సెక్షన్ 64 చెబుతుంది. కంపెనీ వారంటీ దానికి అదనం మాత్రమే.

అసలు బలం మెకానిక్ రిపోర్టుది: గ్యాస్ లీకు వెనక గోడ ఫోమ్ లోపలి పైపులో ఉంది, రిపేరుకు వీల్లేదు, వాడకంలో తప్పు లేదు. ఈ మూడు ముక్కలూ కాగితం మీద రాయించుకోండి. ఇంత పెద్ద లోపమైతే రిఫండా, కొత్తదా అన్నది మన ఇష్టం, షాపుది కాదు. ఈమెయిల్‌లో రిఫండ్ అనే అడిగి, 14 రోజుల్లో తేల్చకపోతే వీక్యాట్‌కి (ఇలాంటి తగాదాలు తేల్చే విక్టోరియా రాష్ట్ర ట్రిబ్యునల్) వెళ్తానని రాశాను. తొమ్మిదో రోజు ఒప్పుకున్నారు. "తయారీ కంపెనీతో మాట్లాడుకోండి" అంటే వినకండి, అమ్మినవాళ్లూ జవాబుదారులే. ఫ్రిజ్ మోసుకెళ్లే ఖర్చు కూడా వాళ్లదే.

డోర్ రబ్బరు వల్లేమో అన్నారు కొందరు, దానికీ దీనికీ సంబంధమే లేదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ లేకపోవడం అడ్డు కాలేదు. బిల్లు పోయింది కానీ బ్యాంకు స్టేట్‌మెంట్ సరిపోయింది.