ఫ్రెండ్ షాపులో కొనాలా, తక్కువకి ఇచ్చేచోట కొనాలా? తేల్చుకోలేకపోతున్నా

ప్రశ్న:

అందరికీ నమస్తే. వారం రోజులుగా ఒక విషయం ఎటూ తేల్చుకోలేక సతమతమవుతున్నా, మీలో ఎవరికైనా ఇలాంటిది ఎదురైతే కాస్త చెప్పండి.

నేనూ ఇంకో పార్ట్‌నరూ కలిసి చిన్న ఆఫీసు నడుపుతున్నాం, స్టాఫ్‌కి ఆరు ల్యాప్‌టాప్‌లు తీసుకోవాలి. స్కూల్లో నా పక్క బెంచీలో కూర్చున్న ఫ్రెండ్ ఒకడు ఉద్యోగం మానేసి రెండేళ్ల క్రితం కంప్యూటర్ల షాపు పెట్టాడు. కొటేషన్ అడిగితే ఆ సాయంత్రానికే పంపాడు. అదే మోడల్ ఆన్‌లైన్‌లో 9 శాతం తక్కువకి కనిపించింది, ఒక పెద్ద డీలరైతే 11 శాతం తక్కువకి ఇస్తానన్నాడు. ఒక్కటే అయితే అసలు పట్టించుకునేవాడిని కాదు, ఆరింటికీ లెక్కేస్తే ఒక ల్యాప్‌టాప్ ఖరీదులో దాదాపు మూడింట రెండు వంతులు మిగులుతుంది, అది మాలాంటి వాళ్లకి చిన్న విషయం కాదు.

వాడి సంగతి కూడా చెప్పాలి. పోయినేడాది రేపు పొద్దున ఫైల్స్ పంపాలనగా రాత్రి నా ల్యాప్‌టాప్ ఆన్ అవ్వలేదు. ఫోన్ చేస్తే పదకొండింటికి ఇంటికొచ్చాడు. టేబుల్ మీద తెల్లకాగితం పరిచి దాని మీద ల్యాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీసి, విప్పిన ఒక్కో స్క్రూని బొమ్మలో సరిగ్గా అదే చోట పెట్టుకుంటూ వచ్చాడు, పొడుగు స్క్రూ పొట్టి స్క్రూ కలిసిపోకూడదని. లోపల ఫైల్స్ దాచుకునే ఎస్‌ఎస్‌డీ తీసి, దాన్ని వేరే కంప్యూటర్‌కి తగిలించడానికి తన దగ్గరున్న డబ్బాలో బిగించి ఫైల్స్ మొత్తం కాపీ చేసిచ్చాడు. డబ్బులు ఎంతరా అంటే నవ్వి వెళ్లిపోయాడు.

ఇప్పుడు వేరేచోట కొంటే వాడి మొహం ఎలా చూడాలి? వాడి దగ్గరే కొంటే పార్ట్‌నర్‌కి ఏం చెప్పాలి? వాడికి చెప్పకుండా ఆన్‌లైన్‌లో తీసేసుకుందామా అని కూడా అనిపించింది, అలా అనిపించినందుకు ఇంకా బాధగా ఉంది.

జవాబు 1:

నేను పదిహేనేళ్లుగా షాపు నడుపుతున్నా అండీ, కంప్యూటర్లు కాదు, ఎలక్ట్రికల్ సామాన్లు. కౌంటర్ వెనకనుంచి ఈ విషయం ఎలా కనిపిస్తుందో చెప్తా.

ముందు ఆ రెండు ధరలూ నిజంగా ఒకే వస్తువువేనా చూడండి. ల్యాప్‌టాప్‌ల్లో మోడల్ పేరు ఒకటే ఉంటుంది, పార్ట్ నంబర్ చివర అక్షరాలు మారతాయి, అక్కడే ఉంటుంది తేడా అంతా. ర్యామ్ (పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ) 16 జీబీయా 8 జీబీయా, ఒకటే స్టిక్కా రెండు స్టిక్కులా (రెండైతే విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేని వాటిలో స్పీడ్ తేడా బాగా తెలుస్తుంది), బోర్డుకే సోల్డర్ చేసేశారా లేక తర్వాత పెంచుకోవచ్చా, స్క్రీన్ రంగులు బాగా చూపించే రకమా లేక 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ ఎన్ని రంగులు చూపిస్తుందో చెప్పే కొలత) అని రాసి ఉండే వెలిసిపోయిన రకమా. వారంటీ కూడా అంతే, మనిషి మీ ఆఫీసుకొచ్చి బాగుచేసేదా లేక మీరే మోసుకెళ్లి సర్వీస్ సెంటర్‌లో ఇచ్చి రోజుల తరబడి ఎదురుచూసేదా. ఇవన్నీ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి, 11 శాతంలో చాలా భాగం అక్కడే కరిగిపోవచ్చు.

అయినా తేడా మిగిలితే మీ ఫ్రెండ్ మిమ్మల్ని దోచుకుంటున్నాడని మాత్రం అనుకోకండి. పెద్ద డీలర్ వందల్లో కొంటాడు, కంపెనీ అతనికి టార్గెట్ కొట్టినందుకు వెనక నుంచి వేరేగా ఇస్తుంది, ఆ ధైర్యంతో కొన్నరేటుకే అమ్మినా అతనికి మిగులుతుంది. చిన్న షాపువాడు మూడో చేతి మీదుగా కొంటాడు. పెద్ద డీలర్ అమ్మే రేటు నేను కొనే రేటు కన్నా తక్కువ ఉన్న రోజులు నేను చూశా.

ఇంకొకటి, ఇది మనసులోంచి చెప్తున్నా. వేరేచోట కొన్న ఫ్రెండ్స్ మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు. గంటసేపు నా దగ్గర కూర్చుని ఏది మంచిదో, ఏ కంపెనీది ఎందుకు వద్దో అన్నీ అడిగి తెలుసుకుని వెళ్లి చెప్పకుండా బయట కొనుక్కుని, అది పాడైనప్పుడు మళ్లీ నాకే ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు, వాళ్ల దగ్గర మాత్రం మనసు విరిగింది. దాచిపెట్టి కొనొద్దు, అంతే నేను అడిగేది.

జవాబు 2:

పై అన్న చెప్పింది కరెక్టే కానీ రెండో వైపు కూడా వినండి. నేను ఫ్రెండ్ అనే ఒకే ఒక్క కారణంతో ఇంట్లో చెక్కపని మొత్తం ఒకడికి ఇచ్చా. వేరే కొటేషన్ తీసుకోలేదు, ఎప్పటికి అవుతుందో రాసుకోలేదు, వాడిని అలా అడగడమే అవమానం అనుకున్నా. రెండు నెలలన్నది ఏడు నెలలైంది. వార్డ్‌రోబ్ తలుపు ఒకటి మూస్తే రెండోది తెరుచుకునేది, కింద అంచున లామినేట్ లేచి గోరు పెడితే ఊడొచ్చేది. బయటివాడైతే మొదటి వారమే నిలదీసేవాడిని. ఫ్రెండ్ కదా అని మింగుకుంటూ మింగుకుంటూ ఒకరోజు అందరి ముందూ బరస్ట్ అయిపోయా, అప్పుడు నేనన్న మాటలు వాడు మర్చిపోలేడు, నేనూ మర్చిపోలేకపోతున్నా. మూడేళ్లైంది మాటల్లేక. డబ్బు పోయినందుకు కాదు నా బాధ.

కాబట్టి ధర సంగతి తర్వాత, మీరు ఒకటి చూసుకోండి, ఆరింట్లో ఒకటి చెడిపోతే వాడి షాపుకెళ్లి "రేయ్ ఇది పనిచేయట్లేదు, మార్చివ్వు" అని మామూలుగా అనగలరా? అనగలిగితే 11 శాతం ఎక్కువైనా కొనండి. నోరు రాదనిపిస్తే ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

జవాబు 3:

ఇది ఇవాళ్టి సమస్య కాదండీ. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ రెండువేల ఏళ్లకి పైగా కిందటే స్నేహాల్ని మూడు రకాలు చేశాడు, ఉపయోగం కోసం, సరదా కోసం, ఆ మనిషి మంచితనం కోసం. తగాదాలు, ఫిర్యాదులు ఎక్కువగా మొదటి రకంలోనే వస్తాయంటాడు. దాన్ని మళ్లీ రెండుగా విడదీస్తాడు, షరతులు ముందే మాట్లాడుకునేది ఒకటి, ఏమీ మాట్లాడుకోకుండా స్నేహితుడికి ఇచ్చినట్టే ఇచ్చి లోపల మాత్రం అంతో అంతకన్నా ఎక్కువో తిరిగొస్తుందని ఎదురుచూసేది ఇంకొకటి. పైన చెక్కపని గురించి రాసినాయనకి జరిగింది ఈ రెండోదే అనిపించింది నాకు, ఇద్దరూ ఏదో ఎదురుచూశారు, ఒక్కరూ పైకి అనలేదు.

మార్గరెట్ క్లార్క్, జడ్సన్ మిల్స్ అనే సైకాలజీ పరిశోధకులు 1979లో దీన్ని ప్రయోగం చేసి చూశారు. లెక్కకి లెక్క అనే సంబంధం అనుకున్నచోట బదులిస్తే ఇష్టం పెరిగింది. దగ్గరితనం కోరుకున్నచోట సాయం చేసి బదులు అడిగితే ఇష్టం తగ్గింది. మీ ఫ్రెండ్ ఆ రాత్రి డబ్బు తీసుకోకుండా వెళ్లింది దగ్గరితనంతో, ఆ రుణం ఇప్పుడు ల్యాప్‌టాప్ ఆర్డర్‌తో తీర్చాలని మీరు మనసులో కలిపేస్తున్నారు. ఆ రెండిట్నీ విడదీసి చూడండి, మీకే తేలిగ్గా ఉంటుంది.

జవాబు 4:

ఒక్క ముక్క. ఇందులో సగం డబ్బు మీ పార్ట్‌నర్‌ది. మీ సొంత డబ్బుతో ఫ్రెండ్‌కి ఎంత ఎక్కువిచ్చినా మీ ఇష్టం, ఆయన డబ్బుతో మొహమాటం తీర్చుకునే హక్కు మీకు లేదు బ్రో. మూడు కొటేషన్లూ ఆయన ముందు పెట్టి ఇతను నా ఫ్రెండ్ అని చెప్పేసి నిర్ణయం ఆయన్ని చేయమనండి. రేపు ఆయనకి బయటినుంచి తెలిస్తే ఫ్రెండూ పోతాడు పార్ట్‌నరూ పోతాడు.

ప్రశ్న అడిగినవాడినే మళ్లీ:

అందరికీ చాలా థ్యాంక్స్. జరిగింది చెప్తా.

పార్ట్‌నర్‌కి మొత్తం చెప్పేశా, ఆయన అస్సలు ఏమీ అనుకోలేదు, ముందే చెప్పొచ్చుగా అన్నాడు. ఇద్దరం కూర్చుని పక్కపక్కన రాస్తే తేలిందేంటంటే ఫ్రెండ్ కొటేషన్‌లో 16 జీబీ, మూడేళ్లు ఆఫీసుకొచ్చి చేసే వారంటీ ఉన్నాయి, డీలర్‌ది 8 జీబీ, ఒక ఏడాది, అదీ మోసుకెళ్లాలి. డీలర్‌ని సరిగ్గా అదే అడిగితే తేడా 11 నుంచి 5 శాతానికి వచ్చింది.

ఆ కాగితం పట్టుకుని వాడి షాపుకెళ్లా. లోపలికి అడుగుపెట్టేదాకా గుండె దడదడే. వాడు కాగితం రెండు నిమిషాలు చూసి, "ఈ రేటుకి నాకే రాదురా, అక్కడే తీసుకో" అనేశాడు. అమ్మితే తనకి మిగిలేది చాలా తక్కువట, షాపు నడిచేది సర్వీస్ మీదేనట. రెండేళ్లుగా నేను అడగనే లేదు ఈ మాట. అక్కడికక్కడే ఆరింటికీ సెటప్, పాత డేటా మార్చడం, ఏడాది పాటు నెలకోసారి వచ్చి చూడటం, వీటికి రేటు మాట్లాడుకుని కాగితం మీద రాసుకున్నాం, పార్ట్‌నర్ కూడా సంతకం పెట్టాడు.

నిన్న బాక్సులు వచ్చాయి. వాడే దగ్గర కూర్చుని ఒక్కోదాని స్టిక్కర్ చదివాడు, ఆరోదాని పార్ట్ నంబర్ వేరేగా ఉందని పట్టుకున్నాడు, విప్పి చూస్తే 8 జీబీదే. వారంటీ కూడా కంపెనీ సైట్‌లో రెండు నెలల ముందు నుంచే మొదలైనట్టు చూపిస్తోంది, బిల్లు అప్‌లోడ్ చేసి తేదీ మార్పించాలన్నాడు. డీలర్ ఆ ఒక్కటి సోమవారం మార్చిస్తానన్నాడు.

సాయంత్రం వాడు బిల్లు పంపాడు, పూర్తి రేటు వేసి. వెంటనే కట్టేశా. తర్వాత ఇద్దరం వాడి షాపు మెట్ల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం, ల్యాప్‌టాప్‌ల గురించి కాదు.